కెర్రీయాన్ టీచరుకు మైల

బడిపిల్లలు వంతెన దాటే వేళకు ప్రతి ఉదయం కెర్రీయాన్ పసుపు జెండా పట్టుకుని రోడ్డు మలుపులో నిలబడి ఉండేది. వాన పడినా, మంచు పడినా ఆ చోటు తప్పేది కాదు. అది బడివాళ్లు అప్పగించిన పని కాదు. కావతె వీధిలోని పెద్దవాళ్లు వంతులు వేసుకుని చేసేది. ఒక చలికాలంలో పక్కింటి ముసలావిడ తొకియెకు మోకాళ్లు పట్టేస్తే, ఆ వంతు తాను నిలబడతానని వచ్చింది. మోకాళ్లు బాగయ్యాక కూడా తిరిగి ఇవ్వలేదు.

పిల్లలను ఆమె జపాను భాషలోనే పలకరించేది. కొందరు తల్లులకు అది గిట్టలేదు. ఇంగ్లీషులో పలకరిస్తే దారిలోనే నాలుగు ముక్కలు వంటబడతాయి కదా, ఊరికే పోతున్నాయి అని తొకియె చేత అడిగించారు.

"బడిలో టీచర్ని బామ్మగారూ. రోడ్డు మీద వీధిమనిషిని," అంది కెర్రీయాన్.

తొకియె ఆ మాట చేరవేస్తే తల్లులు నవ్వుకున్నారు. నవ్వులో చెడు ఏమీ లేదు. జమైకాలో పుట్టిన పిల్ల కావతె వీధిమనిషి ఎలా అవుతుందని, అంతే.

బడిలో ఇంగ్లీషు చెప్పడానికి ఏడాది పనికని వచ్చింది ఆమె. మొదట్లో బడిలో ఆమెకు పెద్ద పనే ఉండేది కాదు. క్లాసు టీచరు సైగ చేస్తే పాఠం పైకి చదవడం, సైగ చేస్తే ఆపడం. తొకియె ఇంట టీ తాగుతూ, "నేను కాళ్లున్న టేపురికార్డర్ని" అని తన మీద తనే నవ్వుకునేది. భోజనాలయ్యాక పిల్లలూ టీచర్లూ కలిసి బడి తుడుస్తుంటే, మీరు కూర్చోండి మీరు కూర్చోండి అని ఆమెను కుర్చీలో కూర్చోబెట్టేవారు. నాలుగు రోజులు కూర్చుంది. అయిదోనాడు గుడ్డ తడుపుకుని పిల్లల పక్కన మోకాళ్ల మీద వంగి వరండా తుడిచింది. ఆ తరవాత ఆమెను కూర్చోమన్నవారు లేరు.

భాష తొకియె ఇంట్లోనే వచ్చింది. తొకియె భర్త యసుజి తప్పు దిద్దనిదే అన్నం ముద్ద ఎత్తనిచ్చేవాడు కాదు. గుడి పండగ ఊరేగింపులో వీధి తరఫున ముందు నడిచే పిల్లనగ్రోవి ఆయనదే. అడిగిందని ఆమెకూ నేర్పాడు. నెలల తరబడి ఆమె ఊదితే ఉత్త గాలి వచ్చేది. "గాలి మా ఊరికి చేరింది, పాట ఇంకా జమైకాలోనే ఉంది" అని ముసలాయన ఏడిపించేవాడు. ఆమె మళ్లీ ఊదేది, వెనక వరసలో ఊదనిచ్చేదాకా.

నాలుగో ఏట ఆమె చేత పాఠం చెప్పించి, పక్క ఊళ్ల టీచర్లు వచ్చి వెనక నిలబడి చూశారు. పాఠమయ్యాక తప్పొప్పులు చెప్పడం అక్కడి పద్ధతి. అందరూ బాగుంది బాగుంది అన్నారు. ఆమె కంటే ముందు పాఠం చెప్పిన కుర్ర టీచరును ఉతికి ఆరేసిన నోళ్లే అవి. సాయంత్రం ఆమె ఒకుదైరా అనే పెద్ద మాస్టారి దగ్గరకు వెళ్లి, నా తప్పులు నాకు చెప్పండని పట్టుబట్టింది. ఆయన ఇబ్బందిపడి, గొంతు సవరించుకుని, మొదలుపెట్టాక ఇక ఆపలేదు. ఆ రోజు ఇంటికి వస్తూ తొకియె గుమ్మంలో ఆగి, ఎర్రబడ్డ కళ్లతో నవ్వుతూ, "ఇవాళ నన్ను బాగా చీవాట్లు పెట్టారు బామ్మగారూ" అంది. పండగ పూట కూడా ఆ ముఖంలో అంత వెలుగు తొకియె చూడలేదు.

తరవాత చదివి, పరీక్ష రాసి, సొంతంగా క్లాసు తీసుకునే అర్హత తెచ్చుకుంది. శనివారాలు చుట్టుపక్కల ఊళ్లలోని పరదేశపు టీచర్లను వీధి సమావేశపు గదికి పిలిచి, ఒకరి పాఠం ఒకరికి చెప్పించి, మొహమాటం లేకుండా తప్పులు వెతికించేది. కొత్తగా వచ్చి ఒంటరితనంతో ఏడ్చే కుర్ర టీచర్లకు, ముందు మీ వీధి కాలవ ఎప్పుడు శుభ్రం చేస్తారో కనుక్కోండి, పార పట్టుకుని వెళ్లండి అని చెప్పేది. తొకియె వాళ్లకు అన్నపు ఉండలు చేసి పంపేది. గిన్నెలు ఎప్పుడూ కడిగి, లోపల ఏదో ఒక పండు పెట్టి తిరిగి వచ్చేవి.

యసుజి పోయాక ముందు పిల్లనగ్రోవి పట్టేవారు లేకపోయారు. రెండేళ్లు ఎవరో ఒకరు నెట్టుకొచ్చారు. ఈ ఏడు వేసవిలో వీధి పెద్ద హమసకి స్వయంగా కెర్రీయాన్ తలుపు తట్టి, నువ్వు పట్టాలమ్మా అన్నాడు. ఇల్లు పొరపాటు పడలేదు కదండీ అని ఆమె అడిగిందట. అప్పటి నుంచి రోజూ సాయంత్రం ఏటి ఒడ్డున సాధన. తొకియె కూర తరుగుతూ వినేది. భర్త ఊపిరి పట్టే చోటే ఆమె కూడా పట్టేది. తొకియె కత్తి ఆగిపోయేది.

పండగ ఆదివారం. ఆ వారం మొదట్లో ఒక ఉదయం పిల్లలందరూ వంతెన దాటిపోయాక, కెర్రీయాన్ జెండా చుట్టకుండా అలాగే నిలబడి ఉంది. తొకియె దగ్గరకు వెళ్లింది.

"అమ్మ పోయింది బామ్మగారూ. అన్నయ్య ఫోన్ చేశాడు."

తొకియె ఆమె చేతిలోని జెండా తీసుకుని చుట్టింది. అక్కడ అంత్యక్రియలకు ఇంకా మూడు వారాలుందట, అప్పటికి వెళ్లి వస్తుందట. ఆ రోజు ఇంట్లో దేవుడి అరలో భర్త పటం ముందు టీ పెట్టి, పక్కన ఇంకో గిన్నె కూడా పెట్టింది తొకియె. ఆ తల్లి పేరు తెలియదు. టీచరమ్మగారి అమ్మా అని చేతులు జోడించింది.

సాయంత్రానికి సంగతి తెలిసింది. కెర్రీయాన్ హమసకి ఇంటికి వెళ్లి, నాకు మైల, ఈ ఏడు గుడి ద్వారం దాటను, పిల్లనగ్రోవి మీ కోడలికివ్వండి అని చెప్పి వచ్చిందట.

తొకియెకు ఆ రాత్రి అన్నం దిగలేదు. తొమ్మిదేళ్లు ఎదురుచూసిన పని చేతిదాకా వచ్చి జారిపోయిందే అని బాధ. మర్నాడే హమసకి దగ్గరకు వెళ్లి బతిమాలింది. అసలు ఆమెకు మన మైల వర్తిస్తుందా, ఒకసారి పూజారిని అడగమంది. హమసకి అడిగాడు. ఆమె మతం వేరు, తల్లి సముద్రాల అవతల, దోషమేమీ లేదు, నిశ్చింతగా ఊదమనండి అని పూజారి చల్లగా చెప్పాడు. తొకియె ఎర్రపప్పు ముద్దతో తీపి ఉండలు చేసి, మోకాళ్ల నొప్పి మరచి పరుగున వెళ్లింది.

"నీకు మైల లేదట టీచరమ్మా. ఆదివారం నువ్వే ఊదాలి."

కెర్రీయాన్ పిల్లల రాతలు దిద్దుతోంది. కలం పక్కన పెట్టింది. "లేదని ఎందుకన్నారు?"

"నువ్వు పైదేశం మనిషివి కదా, మా పట్టింపులు నీకెందుకు? పూజారిగారు కూడా ఒప్పుకున్నారు. నేనే వెంటపడ్డాను."

ఆమె పళ్లెం అందుకుని, కృతజ్ఞతలు చెప్పి, బల్ల మీద పెట్టి, మూత సరిగా ఉన్నా మళ్లీ సర్దింది.

"హమసకి గారి అమ్మ పోతే ఆయనకు మైల ఉంటుందా బామ్మగారూ?"

"ఉండదూ మరి?"

"మా అమ్మ పోతే నాకు లేదు."

తొకియెకు అప్పుడు తెలిసింది, తాను తెచ్చింది ఏమిటో. క్షమించమని చాప మీద నుదురు ఆనించింది. కెర్రీయాన్ గభాలున వచ్చి భుజాలు పట్టి లేపింది. ఫోన్ వచ్చిన రోజు నుంచీ రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది ఆమెకు. తొకియె ఆమె వీపు నిమురుతూ కూర్చుంది. బయట ఎవరో పండగ దీపాలు కడుతూ, ఎడమవైపు ఇంకాస్త పైకి అని కేకేస్తున్నారు.

"ఊదాలని నాకెంత ఉందో మీకు తెలుసు," అంది కెర్రీయాన్. "మైల లేకపోతే మా అమ్మ పోయినట్టు ఈ వీధిలో ఎవరికి తెలుస్తుంది?"

"నన్నేం చేయమంటావో చెప్పు తల్లీ."

కెర్రీయాన్ ముఖం తుడుచుకుని సర్దుకు కూర్చుంది.

"తాతగారు పోయిన ఏడు, దేవుడి పల్లకి మీ ఇంటి దగ్గరకు వచ్చేసరికి మైల ఇల్లని అందరం పిల్లనగ్రోవులు దించేశాం. డప్పు ఆపేశారు. మీ గుమ్మం దాటేదాకా ఉత్త అడుగుల చప్పుడు. మీరు లోపల ఉన్నారు, చూడలేదు. నేను కూడా దించి, తల వంచుకుని నడిచాను."

తొకియె తల ఊపింది. లోపల కూర్చుని ఆ నిశ్శబ్దం విన్న సంగతి ఎవరికీ చెప్పలేదు ఆవిడ.

"హమసకి గారికి మీరొక మాట చెప్పండి బామ్మగారూ. నేను అడిగితే మర్యాదకు సరేనంటారు. మీరు చెబితే వీధి మాటగా వింటారు. ఆదివారం నా గుమ్మం ముందు కూడా పాట ఆపమనండి."