ఓకే బోర్డు పట్టుకున్నదెవరు

2022 డిసెంబరు. ఆర్మూర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఎమర్జెన్సీ వార్డులో నేను నర్సుని. మా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా హైవే మీద బైకు ప్రమాదాలు, పసుపు ఉడకబెట్టే చోట కాలిన గాయాలు, పురుగుమందు తాగిన కేసులు. ఆ నెలలో మాత్రం కొత్త పని తగిలింది. ఆసియా దేశాల మధ్య ఏడాది పొడుగునా సాగే ఒక ర్యాలీ కార్ల చాంపియన్‌షిప్‌కు ఆఖరి పోటీ మా జిల్లాలో పెట్టారు. అంబులెన్సులు, అందులో కూర్చునే మనుషులు మా ఆసుపత్రి నుంచే వెళ్లాలన్నారు.

ర్యాలీ అంటే ట్రాకు మీద గుండ్రంగా తిరగడం కాదు. ఊళ్ల మధ్య మట్టిరోడ్డును మూసేసి, ఒక్కో కారును విడిగా వదిలి, ఎవరు తక్కువ సమయంలో దాటారో చూస్తారు. అలా మూసిన రోడ్డును స్పెషల్ స్టేజ్ అంటారు. కారులో ఇద్దరుంటారు. ఒకరు నడుపుతారు. పక్కన కూర్చునే కో-డ్రైవర్ ముందు రాబోయే మలుపులను చదివి చెబుతుంటాడు. ఇద్దరూ కలిసి గీత దాటాలి. పక్కవాడు దిగిపోతే ఆ కారు పోటీలో లేనట్టే.

ఆ ఏడాది పాయింట్లలో ముందున్న కారుకు కో-డ్రైవర్ మా భీమ్‌గల్ నరేందర్. గల్ఫ్‌లో టూరిస్టులను ఎడారిలో తిప్పే కంపెనీలో పనిచేస్తూ అక్కడే ఈ ఆటకు అలవాటు పడ్డాడు. కారు నడిపేది హైదరాబాద్‌కు చెందిన రోహిత్. టీమూ వాళ్ల కుటుంబానిదే. సీజనంతా దేశాలు తిరిగి, కిందామీదా పడి, మిగతావాళ్లకంటే పైకి వచ్చారు. ఇక్కడ ఎట్లాగో చివరిదాకా చేరితే చాలు, టైటిల్ వాళ్లదే. ఆర్మూర్ చౌరస్తా ఫ్లెక్సీలో రోహిత్ నిలువెత్తున ఉంటే, నరేందర్ ఒక మూలన పాస్‌పోర్టు ఫొటో అంత ఉన్నాడు. భీమ్‌గల్ ఫ్లెక్సీలో రోహిత్ అసలు లేడు.

ఇంకొక్క సంగతి చెప్పాలి. ప్రతి ర్యాలీ కారులో ఒక బోర్డు ఉంటుంది. ఒకవైపు ఆకుపచ్చగా ఓకే అని, రెండోవైపు ఎర్రగా ఎస్ఓఎస్ అని రాసి ఉంటుంది. కారు ఎక్కడైనా పడిపోతే వెనక వచ్చేవాళ్లకు ఆ బోర్డు చూపించాలి. ఓకే చూస్తే వాళ్లు దాటిపోతారు. ఎర్రవైపు చూస్తే ఆగి సాయం చెయ్యాలి, స్టేజ్ మొత్తం ఆపేస్తారు. మనుషుల ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటు అది. ఎంత చక్కటి ఏర్పాటునైనా ఎట్లా పాడుచెయ్యొచ్చో ఆ రోజు కళ్లారా చూశాను.

మా అంబులెన్సును భీమ్‌గల్ గుట్టల కింద, మక్కజొన్న చేను పక్కన ఒక మలుపులో నిలబెట్టారు. డ్రైవర్ యాదన్న, నేను ఉన్నాం. తాళ్ల అవతల జనం కిక్కిరిసి ఉన్నారు. సగం మంది నరేందర్ ఊరివాళ్లే. రోహిత్, నరేందర్‌ల కారు మలుపులో కల్వర్టు అంచుకు తగిలి, గాల్లోకి లేచి, చేనులో తలకిందులుగా పడింది.

మా వైపు ఒక అలవాటుంది. పసుపు బస్తాల ట్రాలీ బోల్తా పడితే ఎవరూ ఎవరినీ పిలవరు. చూసినవాడల్లా పరుగెత్తుకొచ్చి చెయ్యి వేస్తాడు. ముందు బండి లేస్తుంది, ఆ తర్వాతే నువ్వెవరు, ఏ ఊరు అని అడుగుతారు. నిజంగా మంచి అలవాటు. కానీ బోల్తాపడిన కారులో మనిషి బెల్టులకు వేలాడుతుంటే ముందు మెడను పట్టుకోవాలి, కారును ముట్టుకోకూడదు. మెడ ఎముక విరిగి ఉంటే, ఆ కుదుపుతో నరం తెగి మనిషి జీవితాంతం మంచానికే పరిమితం కావచ్చు.

"ఆగుండ్రి! లేపకుండ్రి! మనిషి లోపలున్నడు!" అని అరుస్తూ ఉరికాను. ఎవరు వింటారు? అప్పటికే రోహిత్ కిటికీలోంచి పాక్కుంటూ బయటికొచ్చి, "లేపండి, లేపండి, టైమ్ పోతోంది" అని చేతులు ఊపుతున్నాడు. తమ పిల్లవాడి బండి అన్న ప్రేమతోనే అందరూ కలిసి ఒక్క ఊపున తిప్పేశారు. లోపల నరేందర్ తల ఒక పక్కకు ఊగి ఆగింది.

రోహిత్ లోపలికి దూరి, నరేందర్ వైపు వంగి ఏదో చేసి, మళ్లీ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. అంతలో వెనక కారు వచ్చింది. నరేందర్ కిటికీలో ఆకుపచ్చ బోర్డు కనిపించింది. ఆ కారు ఆగకుండా వెళ్లిపోయింది. నేను చేరేసరికి బోర్డు నరేందర్ కాళ్ల దగ్గర పడి ఉంది, రోహిత్ ఇంజను స్టార్ట్ చేస్తున్నాడు.

"నరేందర్, ఎట్లున్నవ్ బిడ్డా?"

"మంచిగనే ఉన్నక్కా." గొంతు సన్నగా వచ్చింది. కళ్లు తిప్పాడు గానీ తల తిప్పలేదు.

కిటికీలోంచి చెయ్యి పెట్టి, "నా వేళ్లు గట్టిగ పట్టుకో" అన్నాను. అతని వేళ్లు నా వేళ్ల మీద ఊరికే పడి ఉన్నాయి. రెండో చెయ్యీ అంతే.

"పట్టుకున్ననా అక్కా?" అని అడిగాడు.

నా ఉద్యోగంలో ఇంతకంటే భయపెట్టిన మాట వినలేదు. వెంటనే యాదన్నకు కేక వేసి, రేడియోలో స్టేజ్ ఆపమని చెప్పించాను. రోహిత్‌కు ఒళ్లు మండింది.

"సిస్టర్, ఇంకా రెండు స్టేజీలే ఉన్నాయి. అయిపోయాక మీరే తీసుకెళ్లండి. వాడే ఓకే అంటున్నాడు కదా! మీకేంటి ప్రాబ్లం?"

జనంలోంచి కూడా ఒకాయన అందుకున్నాడు. "పోనియ్యమ్మా. గెలిచేటప్పుడు అడ్డం పడ్తవేంది? నువ్వు మనూరి దానివి కాదా?"

అప్పుడు నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. "మీ నరేందర్‌కు మెడ ఇరిగినట్టున్నది. చేతులల్ల బలం లేదు. గీ గుంతల బండి ఇంకోపారి ఎగిరితే కాళ్లు చేతులు పడిపోతయ్. గప్పుడు ఫ్లెక్సీ కడ్తరా, బువ్వ తినిపిస్తరా?" అని అరిచాను.

పోనియ్యమన్నాయనే తలకు కట్టుకున్న రుమాలు విప్పి భుజాన వేసుకుని, వచ్చి కారు ముందు నిలబడ్డాడు. ఆయన వెనక అందరూ వచ్చారు. కారు లేపిన జనమే దాన్ని కదలనివ్వలేదు. రోహిత్ హారన్ కొడుతూనే ఉన్నాడు. పక్క మనిషి చేతులు చచ్చుబడి ఉంటే హారన్ కొట్టాడు!

మెడకు కాలర్ పెట్టి, వెన్ను కదలకుండా పలక మీద పడుకోబెట్టి తీసుకెళ్లాం. స్కాన్‌లో మెడ ఎముక విరిగిందని, నరం నలిగింది గానీ తెగలేదని తేలింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు.

టైటిల్ వేరే టీముకు పోయింది. మర్నాడు పోటీ న్యాయనిర్ణేతల ముందు విచారణ. కో-డ్రైవర్ తనే ఓకే బోర్డు చూపించినా నర్సు పరిధి దాటి స్టేజ్ ఆపించిందని టీమ్ ఫిర్యాదు. నేను ఒకటే అడిగాను. "నా వేలు పట్టుకోలేని మనిషి బోర్డు ఎట్ల పట్టుకున్నడు?" న్యాయనిర్ణేతలు దాన్ని రాసుకున్నారు. ఆపడం సరైనదే అన్నారు. బోర్డు ఎవరు చూపించారో తేల్చలేమన్నారు. రోహిత్‌కు ఒక హెచ్చరిక, అంతే! మరుసటి సీజనులో అతను కొత్త కో-డ్రైవర్‌తో, నిమ్మకు నీరెత్తినట్టు, మళ్లీ ఫ్లెక్సీలోకెక్కాడు. మా దగ్గర మాత్రం చాయ్ హోటల్లో కూడా, "టైటిల్ పోగొట్టిన సిస్టర్ మీరేనా?" అని అడిగారు. ఎందుకొచ్చిన గొడవ అని మా ఆసుపత్రిలోనే విసుక్కున్నారు.

కొన్నాళ్లకు నరేందర్‌ను చూడటానికి భీమ్‌గల్ వెళ్లాను. మెడకు పట్టీతో కుర్చీలో కూర్చుని మెత్తటి బంతిని పిసుకుతున్నాడు. పిడికిలి సగం బిగుస్తోంది. బోర్డు సంగతి అడిగాను.

"రోహిత్ సారే దాన్ని నా బెల్టుల ఇరికిచ్చిండక్కా. నాకు చేతులు ఉన్నయో లేవో గూడ తెలుస్తలేకుండె."

"మరి నేనడిగితే మంచిగనే ఉన్న అన్నవేందిరా?"

అతను బంతి పిసకడం ఆపాడు. "పక్కన గాయన కూసున్నడు గదక్కా. గాయన ముంగట ఇంకేమంట?"

ఆ మాటతో నా కోపం రోహిత్ దగ్గర ఆగలేదు. ఇన్నేళ్లూ కూలీలను మేస్త్రీల ముందు, కోడళ్లను అత్తల ముందు, పనివాళ్లను యజమానుల ముందు నిలబెట్టి, ఎట్లా ఉందని అడిగే మా పద్ధతి మీద కూడా వచ్చింది. నిజం బయటపడితే ఎవరికి నష్టమో వాళ్లను పక్కన పెట్టుకుని అడిగితే, నొప్పి ఉన్నవాళ్లు నిజం ఎట్లా చెబుతారు? వెంట వచ్చినవాళ్లను ముందు బయటికి పంపి, ఆ తర్వాతే అడగాలని ఆ కేసు నాకు నేర్పింది.

మొన్న పసుపు సీజనులో ఏర్గట్ల వైపు నుంచి ఒకామెను తెచ్చారు. పసుపు పాలిష్ చేసే డ్రమ్ములో చెయ్యి పడింది. కొంగుతో చుట్టుకుని, "ఏం కాలేదమ్మా, జర పట్టీ కట్టుండ్రి, పోతం" అంటోంది. పక్కన డ్రమ్ము యజమాని నిలబడి ఉన్నాడు. ఆయనను బయటికి వెళ్లమన్నాను.

"ఎందుకు సిస్టర్? ఏం కాలేదని ఆమెనే అంటున్నది గదా" అన్నాడాయన గుమ్మం దగ్గరే ఆగి.

నేను తలుపు వేసి గడియ పెట్టాను. తిరిగి చూసేసరికి ఆమె ఏడుస్తోంది.