చేటెడు తవుడు

2024 ఫిబ్రవరి 11, ఆదివారం. కొత్తపేట దగ్గర మా ఊళ్లో అన్నయ్య ఇంటి వరండా. ఉన్నవారు: అన్నయ్య (ఎనభై ఒకటి), వదినగారు, రామచంద్రపురం నుంచి వచ్చిన మా మేనకోడలు పద్మ, నేను.

ఇది ఆ రోజు డైరీలో రాసుకున్న మొదటి పంక్తి. ముప్పై రెండేళ్లు రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తాగా చేశాను. తేదీ, సంతకం, సాక్షి లేని మాట నమ్మే అలవాటు నాకు లేదు. ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్లిపోయేవాణ్ణి. ఇప్పుడు నేనే అలాంటిది చెప్పవలసి వచ్చింది కాబట్టి, నా కళ్లతో చూసినదీ నా చెవులతో విన్నదీ మాత్రమే చెబుతాను.

మా ఇంటిపేరు వాళ్లంతా ఒకచోట కలవాలని, కలిసిన రోజున వంశవృక్షం అచ్చు వేసి అందరికీ పంచాలని అన్నయ్య పట్టుదల. వివరాలు రాసే పని నాది. కంప్యూటర్లో కొట్టే పని పద్మది. ఆ వయసులో అన్నయ్యకు అంతకు మించిన కోరిక మరొకటి లేదు. మచ్చలేని వంశమని పుస్తకంలో మొదటి వాక్యం ఆయనే చెప్పి రాయించాడు.

పని మా ముత్తాత దగ్గర ఆగిపోయింది. ఆయన పేరు తవిటయ్య. వరసగా బిడ్డలు పోతున్న ఇళ్లలో పూర్వం ఒక ఆచారం ఉండేది. పుట్టిన బిడ్డను ఎవరైనా పేదరాలికి చేటెడు తవుడుకు అమ్మేవారు. బిడ్డ ఆ ఇంటిది కాదనుకుని మృత్యువు వదిలేస్తుందని నమ్మకం. కొన్నాళ్లయ్యాక ఆ తవుడు తిరిగి ఇచ్చి బిడ్డను తెచ్చుకునేవారు. అలా బతికినవాడికి తవిటయ్య అని పేరు. మా ముత్తాతను కొన్నది మా కళ్లంలో పనిచేసే ముత్యాలు అని మా తాతగారు తన నోటుబుక్కులో రాశారు.

దొరల కాలం నాటి జనన మరణాల రిజిస్టరు మాత్రం వేరేగా చెబుతోంది. పాత కరణంగారి వారసుల ఇంట్లో అది దొరికింది. అందులో తవిటయ్య, అచ్చయ్య కొడుకు, మూడు నెలలు, జ్వరం, మృతి అని ఉంది. మూడు నెలలకే పోయినవాడు మా తాతగారికి తండ్రి ఎలా అయ్యాడు?

మొదట అందరూ చేసే పొరపాటే నేనూ చేశాను. పోయినవాడి పేరు తర్వాత పుట్టినవాడికి పెట్టి ఉంటారనుకున్నాను. తర్వాతి పదిహేనేళ్ల పేజీలూ తిరగేశాను. అచ్చయ్యకు మరో కొడుకు పుట్టలేదు. కానీ ఆ ఏడాదే ముత్యాలుకు ఒక మగబిడ్డ పుట్టినట్టు ఉంది. వాడు పోయినట్టు ఎక్కడా లేదు. పెరిగినట్టూ ఎక్కడా లేదు.

తాతగారి నోటుబుక్కు వెనక అట్ట లోపలివైపు పెన్సిలుతో ఒక మాట ఉంది. "ముత్యాలు గుమ్మము విడువక ఏడ్చుచుండగా, పడవలో వేసి గౌతమి అవతల దింపించిరి. మరల రానీయలేదు."

అన్నీ కలిపి చూస్తే ఒకటే తేలింది. మా వాళ్ల బిడ్డ ఆవిడ గుడిసెలో జ్వరంతో పోయాడు. మా వాళ్లు ఆవిడ బిడ్డను ఎత్తుకొచ్చారు. తవుడు మాత్రం లెక్కప్రకారం ఆవిడకు ఇచ్చేశారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇదంతా చదివి వినిపించాను. తవిటయ్య తల్లి పేరు ముత్యాలు అని వేద్దామన్నాను.

"పెన్షను తిన్నది అరక్క ఇవి తవ్వుతున్నావుట్రా?" అన్నాడు అన్నయ్య. "కూలిదాని పేరు అచ్చేయించి, మనమే ఊరంతా పంచుదామా?"

"ఉన్నది ఉన్నట్టు రాద్దామంటున్నాను."

"ఆవిడ లేకపోతే మీరూ లేరు, నేనూ లేను కదా పెద్ద మావయ్యా" అంది పద్మ. "పోనీ కింద చిన్న అక్షరాలతో వేద్దాం."

"చిన్న అక్షరాలూ వద్దు, పెద్ద అక్షరాలూ వద్దు. నువ్వు టైపు కొట్టడానికొచ్చేవు, తీర్పు చెప్పడానికి కాదు."

అప్పుడు నాలుగున్నర. వరండాలో ఇంకా ఎండ ఉంది. ఒక ముసలావిడ గేటు తీసుకుని వచ్చి మెట్ల కింద నిలబడింది. ముతక చీర, బోసి చెవులు, చేతుల్లో వెదురు చేట. చేట నిండా తవుడు.

"మీ తవుడు మీకు తెచ్చేనండి" అంది. "చూసుకోండి."

అన్నయ్య నావైపు తిరిగి నవ్వాడు. "ఎక్కడ పట్టేవురా ఈ ముసల్దాన్ని? బాగానే నేర్పేవు."

నేనెరగనని ఒట్టు వేశాను. ఆయన వినిపించుకోలేదు.

"నా బిడ్డను నాకిచ్చెయ్యండి బాబుగారూ" అందావిడ. గొంతులో ఏడుపు లేదు, కోపమూ లేదు.

"ఓస్, అంతేనా? తవుడు తీసుకున్నాం. నీ బిడ్డ ఎక్కడుంటే అక్కడినుంచి పట్టుకుపో, నన్నడక్కు" అన్నాడు అన్నయ్య. లోపలికి తిరిగి, "ఏమేవ్, ఇది గేదెకి పెట్టెయ్. ఊరికే వచ్చింది" అన్నాడు.

"ఆయ్" అంది ఆవిడ. చేట మెట్టు మీద పెట్టి వెళ్లిపోయింది.

పేరడుగుదామని పద్మ వెంటనే గేటు దాకా వెళ్లింది. మా గేటు నుంచి కాలవ గట్టు దాకా తిన్నని రోడ్డు, ఎక్కడా సందు లేదు. రోడ్డు మీద ఎవరూ లేరంది.

వదినగారు తవుడు వేళ్ల మధ్య నలిపి వాసన చూశారు. "ఇది మిల్లుది కాదయ్యా, దంపుడు తవుడు. మా అమ్మమ్మగారింట్లో చూడ్డమే మళ్లీ" అన్నారు. అన్నయ్య కేకేశాడని గేదెకు పెట్టేశారు. చీకటి పడేలోగా నేను మా వీధి, పక్క రెండు వీధులూ తిరిగి అడిగాను. అలాంటి మనిషిని చూసినవాళ్లు లేరు. మా ప్రాంతంలో వడ్లు దంపేవాళ్లూ లేరు.

ఆ సాయంత్రం అన్నయ్య చెప్పాడు, నేను రాశాను: తవిటయ్య, తండ్రి అచ్చయ్య, తల్లి సీతమ్మ. డెబ్బై మూడేళ్లు వచ్చినా అన్నయ్య మాట కాదనడం నాకు చేతకాలేదు. అది అబద్ధమని తెలిసే, కింద తేదీ వేసి సంతకం పెట్టాను.

మర్నాడు జరిగింది చెప్పేముందు ఒక మాట. అన్నయ్య మెదడులో చిన్న రక్తపు గడ్డ ఉందని తర్వాత స్కానులో తేలింది. దానివల్ల మనిషి ఒక్క రాత్రిలో మారిపోవచ్చని డాక్టరుగారు చెప్పారు. నేను కాదనను. ఆ కారణం అన్నయ్యకు సరిపోతుంది, ముసలావిడకు సరిపోదు. మరో సంగతి కూడా నాకు అంతుపట్టలేదు. నేనూ తవిటయ్య మునిమనవణ్ణే. ఆ వరండాలో నేనూ ఉన్నాను. నన్నెందుకు వదిలేసిందో ఇవాళ్టికీ తెలియదు.

మర్నాడు సోమవారం. తెల్లవారేసరికి అన్నయ్య మంచం ఖాళీగా ఉందని వదినగారు నన్ను లేపారు. చెప్పులూ చేతికర్రా మంచం పక్కనే ఉన్నాయి. మోకాళ్ల నొప్పులతో రెండేళ్లుగా ఆయన మనిషి సాయం లేకుండా వరండా మెట్లు దిగలేదు. ఆరున్నరకు ఎవరో ఫోన్ చేసి, రేవులో కూర్చున్నారని చెప్పారు. గౌతమి పాత రేవు మా ఇంటికి మైలు పైనే ఉంటుంది. అక్కడ పడవలు మానేసి చాలా ఏళ్లయింది.

నీళ్లకు పై మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచి, భుజం మీది తువ్వాలు తీసి నడుముకు చుట్టుకున్నాడు. మా నాన్నగారి ముందు కళ్లం పనివాళ్లు అలా నిలబడేవారు.

"బాబుగారూ, పడవెప్పుడొస్తుందండీ?" అన్నాడు.

"అన్నయ్యా, నేను. నీ తమ్ముణ్ణి."

"నాకు తమ్ముళ్లెవరూ లేరండి. మా అమ్మకి నేనొక్కణ్ణేనండి. అదిగో, అవతల గట్టున కూర్చుందండి."

అవతల ఇసుక, దుబ్బుగడ్డి తప్ప ఏమీ లేవు. నా డెబ్బై మూడేళ్లలో అన్నయ్య నన్ను అండీ అనడం అదే మొదలు.

అంతలో వదినగారు, పద్మ ఆటో దిగి వచ్చారు. "ఏవండీ, ఇంటికి రండి, కాఫీ తాగుదురుగాని" అంటూ వదినగారు ఆయన చెయ్యి పట్టుకోబోయారు.

ఆయన గబుక్కున ఒక మెట్టు కిందికి, నీళ్లలోకి దిగాడు.

"ముట్టుకోకండి అమ్మగారూ. మళ్లీ మీరు స్నానం చెయ్యాలండి."