చిప్పగరిటె విందు

కోవిల్‌పట్టి పక్కన మా నల్లరేగడి పల్లెలో గురువమ్మాళ్‌ను చాటుగా పిసినారి అనేవాళ్ళు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. రోజూ సజ్జసంకటి తినే ఊరు మాది. వరి అన్నం విందుల్లోనే. అందుకే విందంటే ఆకులో గుట్టగా పొయ్యాలి, సగం పారెయ్యాలి. దాన్ని మర్యాద అనడానికి నాకిప్పటికీ నోరు రాదు.

పంతొమ్మిది వందల ముప్పై నాలుగులో మనవరాలికి చెవులు కుట్టించిన రోజు గురువమ్మాళ్ ఆ మర్యాదను మార్చేసింది. కొబ్బరిచిప్పతో చేసిన చిన్న గరిటె పట్టుకుని తానే వడ్డనకు దిగింది. ఆకుకు ఒక్క గరిటె అన్నం.

కోడలి అన్న తిరుమలసామికి ఒళ్ళు మండింది. పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చెవులు కుట్టించిన మేనమామ ఆయనే.

"ఏమత్తా, పిల్లికి పెట్టే మాదిరి పెడతా ఉండావు?"

"చాలకుంటే అడుగు నాయనా. నూరు తూర్లయినా ఏస్తాను. ఆకులో మిగిలిస్తే మట్టుకు ఊరుకోను."

ఆమె పరువు తియ్యాలని ఆయన మాటిమాటికీ అడిగాడు. ఆమె విసుక్కోకుండా వేసింది. పదకొండో గరిటె తిన్నాక ఆయనే ఆకు మీద రెండు చేతులూ అడ్డం పెట్టి, "చాలత్తా, సామీ!" అన్నాడు.

ఆకులు దొడ్లో పడేస్తే కుక్కలు మూతులు పెట్టి వెతికి, తలలెత్తి మా ముఖాలు చూశాయి. ఒక్క మెతుకు లేదు. ఆ విందులో కడుపు నిండనివి అవే అనుకున్నాం. ఈలోగా అన్నం వార్చిన గంజి కుండ మోసుకుంటూ గురువమ్మాళ్ వచ్చి వాటి తొట్లో పోసింది.