పెద్దమ్మ ఏడ్చిన సినిమా

మా పెద్దమ్మ చాలా దయగల మనిషి. ఆ సంగతి ఆమే రోజూ చెప్పేది కాబట్టి మాకు అనుమానం ఉండేది కాదు. అమ్మానాన్నలు పోయాక నన్నూ చెల్లినీ లింగంపల్లిలోని తన ఇంటికి తెచ్చుకుంది. పెద్దమ్మ అంటే మా అమ్మకు సొంత అక్క. పెదనాన్న, హైటెక్ సిటీ కోసం బండలు పగలగొట్టేచోట మేస్త్రీ. పగలంతా ఆ మోతలు విని వచ్చేవాడు, ఇంట్లో నోరు విప్పేవాడు కాదు. ఆ లోటు పెద్దమ్మ తీర్చేది.

ఒక ఆదివారం సాయంత్రం టీవీలో పాత సినిమా. తల్లీతండ్రీ లేని పిల్లలను మేనత్త సాధించే కథ. పక్కింటి కోస్తా ఆవిడ కూడా చూడటానికి వచ్చింది. వాళ్లిద్దరూ కుర్చీల్లో, మేము గడప దగ్గర గచ్చు మీద బియ్యంలో రాళ్లు ఏరుతూ. మాకూ వినోదం ఉండాలని పెద్దమ్మ చేసిన ఏర్పాటు అది.

తెర మీద మేనత్త పిల్లలను చీకటి గదిలోకి తోసింది. పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

"గామెకు మనసే లేదా? తల్లి లేని పోరగాండ్లను గిట్ల చేస్తదా?"

"చూడలేకపోతున్నానండీ," అంది పక్కింటావిడ.

తెర మీది పిల్లలు ఆ గదిలో చాప పరుచుకుని పడుకున్నారు. మా చెల్లి చేట ఆపి, తలెత్తి చూసి, "పెద్దమ్మా, వాళ్లకు చాపన్నా ఇచ్చిండ్రు," అంది. దానికి ఎనిమిదేళ్లు. ఎగతాళి చేయడం ఇంకా రాదు.

పక్కింటావిడ మా కింది గచ్చు చూసింది, తర్వాత పెద్దమ్మను చూసింది. అటు తర్వాత పొయ్యి మీద పాలు గుర్తొచ్చి వెళ్లిపోయింది. పెద్దమ్మ లేచి టీవీ కట్టేసింది.

"అయిపోయిందా?" అంది చెల్లి.

"అయిపోయింది."

మర్నాడే బజారు నుంచి నెమలి బొమ్మల ప్లాస్టిక్ చాప వచ్చింది. వాడకట్టులో అందరికీ కనబడేలా దాన్ని రెండు రోజులు గోడ మీద ఆరేశారు. తడవని చాపను ఆరేయడం నేను అప్పుడే చూశాను. ఆ తర్వాత మేము దాని మీద దర్జాగా కూర్చుని రాళ్లు ఏరేవాళ్లం.

వారం తర్వాత చెల్లికి జడ వేస్తూ, ఎప్పటిలాగే కళ్లలో నీళ్లు తిరిగేలా జుట్టు గుంజుతూ, పెద్దమ్మ అంది: "మీ అమ్మ గూడ గిట్లనే. ఎవరి ముంగట ఏం మాట్లాడాల్నో ఎరుకుండకపోయేది."

ఆ ఇంట్లో అమ్మ గురించి మాట వినడం అదే మొదలు. నేను చేట పక్కన పెట్టి దగ్గరికి జరిగాను.

"ఇంకేం అనేది?" అని చెల్లి అడిగింది.

"నా పెండ్లిల, అందరి ముంగట, 'అక్కకు కోపమెక్కువ, బావా, జర పైలం' అన్నది."

అని పెద్దమ్మ నవ్వబోయింది. నవ్వు రాలేదు. జడ సగంలో వదిలేసి వంటింట్లోకి పోయింది. మిగతా సగం నేనే అల్లాను.