క్లోమం వెనక నాళం

సికింద్రాబాద్‌లో నేను మెడిసిన్ చదివే రోజుల్లో, మా డిసెక్షన్ హాలులో ఒక అటెండరు ఉండేవాడు. శవం పొట్టలో పేగులు పైకెత్తిన ప్రతిసారీ "జెర మెల్లగ బిడ్డా, తక్లీఫ్ కావద్దు" అనేవాడు, ఆ శవానికి ఇంకా నొప్పి తెలుస్తుందన్నట్టు. క్లోమం వెనక నుంచి దిగే ధమనిని నా వేలితో తాకించి, "చిన్నపేగంత దీని నెత్తురు మీదనే బతుకుతది" అని చెప్పింది ఆయనే. ప్రొఫెసర్ల పాఠాలు మరిచాను గాని, అది మరవలేదు.

నేను సర్జన్‌నయిన రెండో ఏడు, ఆ అటెండరు కడుపునొప్పితో మెలికలు తిరుగుతున్న తన భార్యను తిరుమలగిరి నుంచి ఆటోలో నా దగ్గరికే తెచ్చాడు. పొట్ట తెరిచాను. ఆ ధమనిలోనే నెత్తురు గడ్డ అడ్డుపడింది. నెత్తురందక పేగు నల్లబడి చచ్చిపోయింది; బతికున్నది జానెడైనా లేదు. చేసేదేమీ లేక కుట్టేశాను. సాయంత్రం దాటి ఆమె బతకదు.

బయట బెంచీ మీదున్న ఆయన నన్ను చూసి లేచాడు.

"ఎంతవరకు నల్లగైంది, బిడ్డా?"

"మొత్తం," అన్నాను.

బెంచీల మీద తమవాళ్ళ కోసం ఎదురుచూస్తున్న జనం వైపు చూశాడు.

"గీళ్ళ లెక్క నాకు సుత ఏం తెల్వకుంటే మంచిగుండేది. ఇంకో పూటన్న ఆశతోని కూసుంటుంటి."