పసిఫిక్‌లో ఒక యానాం

దోహాలో ఉన్నన్నాళ్ళూ నేను ఒక బళ్ళో పిల్లలకు భూగోళం చెప్పేదాన్ని. పిల్లలకు బాగానే ఎక్కేది. ఎక్కనిదల్లా మావాళ్ళకే. మావాళ్ళంటే, ప్రతి శుక్రవారం ఎవరో ఒకరింట్లో చేరి, పులిహోర తిని, అక్కడికి రానివాళ్ళను ఏకిపెట్టి, మధ్యాహ్నం నిద్రకు ఇళ్ళకు చేరే తెలుగు ఇంజనీర్లు, అకౌంటెంట్లు, వాళ్ళ భార్యలు. ఖతర్ ద్వీపమా, ద్వీపకల్పమా అని అడిగితే వాళ్ళలో సగంమంది "ఐలాండే కదండీ, ఎటు చూసినా నీళ్ళేగా" అనేవారు. సౌదీ సరిహద్దు దాకా కారులో వెళ్ళొచ్చినవాళ్ళదీ అదే మాట. ఆ సముద్రం మీద కారు ఎలా నడిచిందో వాళ్ళకే తెలియాలి. కూలీల క్యాంపుల్లో ఉండే కరీంనగర్, నిజామాబాద్ మనుషులు కూడా తెలుగువాళ్ళేనన్న సంగతి వీళ్ళకు ఉగాదికి కుర్చీలు మోయించుకోవాల్సి వచ్చినప్పుడు మాత్రం గుర్తొచ్చేది. తాము బతుకుతున్న చోటు గురించి ఇంత తక్కువ తెలుసుకుని ఇంత ఎక్కువ మాట్లాడే జనాన్ని నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

ఈ మందకు పెద్ద మా ఆడపడుచు భర్త. కాకినాడ మనిషి, సివిల్ ఇంజనీరు. వరసకు అన్నయ్యగారూ అని పిలవాలి కాబట్టి పిలిచేదాన్ని, అంతకుమించి కారణమేమీ లేదు. రాస్ లఫాన్‌లో రేవు పనులు చూసేవారు. నోరు తెరిస్తే చాలు, తను లేకపోతే ఆ రేవు లేచేదే కాదనేవారు. లేచేదేనని అక్కడున్న అందరికీ తెలుసు. కానీ ఆయన కారులో అల్ వక్రా దాకా షికారు వెళ్ళే అవకాశం పోగొట్టుకోవడం ఇష్టంలేక అందరూ తలలూపేవారు.

మా వదిన, అంటే మావారి అక్క, ఆ మనిషితో అన్నేళ్ళు ఎలా వేగిందో నాకు అంతుపట్టేది కాదు. పెళ్ళికి ముందు ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివింది. పెళ్ళయ్యాక ఆ చదువు సంగతి ఎవరూ ఎత్తలేదు. కూతురు ఇంటర్ చదవడానికి విజయవాడ హాస్టల్లో చేరాక, పగలంతా ఇంట్లో గోడలు చూడలేక, దోహాలోనే ఒక చిన్న క్లినిక్‌లో ఉద్యోగం సంపాదించుకుంది. తెల్లకోటు చేతిమీద వేసుకుని పొద్దున్నే మెట్లు దిగుతుంటే ఆవిడ నడకే మారిపోయింది. ఇంట్లో అడిగినదానికి తప్ప మాట్లాడని మనిషి, ఫోన్లో డాక్టరమ్మతో "ఈ శాంపిల్ పనికిరాదు, మళ్ళీ తీయించండి" అని గట్టిగా చెప్తుంటే ఓసారి విన్నాను. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

రేవు పనులు ఒక కొలిక్కి వస్తున్న రోజుల్లో అన్నయ్యగారికి వేరే కంపెనీ నుంచి పిలుపొచ్చింది. పసిఫిక్ మహాసముద్రంలో ఒక చిన్న దీవిలో జెట్టీ కట్టాలట. ఆ దీవి పేరు చెప్పినా మీకు తెలియదు. మాకూ తెలియలేదు. ఆయనకైతే ఆ పేరు పలకడమే రాలేదు. అయినా ఆ శుక్రవారం మా ఇంట్లో సోఫా మధ్యలో కూర్చుని కాలు మీద కాలేసుకుని ప్రకటించారు.

"దేశం కాదండోయ్, ఓ పెద్ద దేశం కింద ఉండే టెరిటరీ! టెరిటరీ అంటే ఏంటి? మన యానామే!"

గోదావరి జిల్లాలవాళ్ళకు తప్ప ఇంకెవరికీ ఇలాంటి ఆలోచన రాదు. యానాం ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉండేది. వాళ్ళు వెళ్ళిపోతూ కొన్ని కుటుంబాలకు ఫ్రెంచి పౌరసత్వం ఇచ్చారు. ఇప్పటికీ అక్కడ కొందరికి ఫ్రాన్సు నుంచి పింఛను వస్తుంది. అన్నయ్యగారి మేనమామకు వియ్యంకుడు అలాంటివాడట. తను చిన్నప్పుడు చూసిన ఆ ఒక్క ముసలాయన ఆధారంగా ప్రపంచంలోని టెరిటరీలన్నిటికీ ఒకటే రాజ్యాంగం రాసేశారు: మందు చవక, పన్ను తక్కువ, కొన్నాళ్ళుంటే పెద్ద దేశం పాస్‌పోర్టు. ఇక కుటుంబమంతా అక్కడే స్థిరపడిపోవడమే. చుట్టూ కూర్చున్న డిగ్రీలవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టుకుని విన్నారు. ఒకాయన అయితే అక్కడ అకౌంటెంట్లకు ఖాళీలున్నాయేమో కనుక్కోమన్నాడు.

"చెల్లెమ్మా, నువ్వు జాగ్రఫీ టీచరువి కదా. ఆ దీవి గురించి మీ బడి లైబ్రరీలో ఏదైనా ఉంటే తెచ్చి అందరికీ చదివి వినిపించు. మీ వదిన వట్టి పిరికిది, కాస్త ధైర్యం వస్తుంది" అన్నారు.

తెచ్చాను. పై శుక్రవారం మా ఇంట్లోనే చదివాను. చాలా బుద్ధిగా రాసిన పుస్తకం అది. భౌగోళిక స్వరూపం, ప్రజలు, ప్రభుత్వం, ఆర్థిక వ్యవస్థ అని వరసగా శీర్షికలు. చుట్టూ పగడపు దిబ్బలు, మధ్యలో ఒక కొండ, ఏడాది పొడుగునా ఉక్క, వాన, కొబ్బరి చెట్లు. "కోనసీమ!" అని అరిచారు అన్నయ్యగారు. ప్రజలు ఫలానా తెగవాళ్ళు, ఫలానా భాష మాట్లాడతారు, చర్చికి వెళ్తారు. దాన్ని ఎవరూ వినలేదు, అప్పుడే టీ వచ్చింది. ప్రభుత్వం దగ్గరికొచ్చేసరికి నేను కావాలనే నెమ్మదిగా చదివాను. దూరాన ఉన్న పెద్ద దేశం ఒక గవర్నరును పంపుతుంది. పౌరసత్వం ఆ దీవిలో పుట్టి పెరిగిన కుటుంబాలకే. బయటినుంచి వచ్చినవాళ్ళకు ఓటు లేదు, భూమి కొనే హక్కు లేదు.

"పుస్తకాల్లో అలాగే రాస్తారమ్మా. యానాం గురించి రాసినా అలాగే రాస్తారు" అని ఆయన కొట్టిపారేశారు.

చివరికి ఆర్థిక వ్యవస్థ. కొబ్బరి, చేపలు, విదేశీయులు మోజుపడి కొనుక్కునే తపాలా బిళ్ళలు, పెద్ద దేశం ఏటా ఇచ్చే సొమ్ము. ఆ కిందనే, కట్టడాల పనికోసం బయటినుంచి కాంట్రాక్టు మీద రప్పించే పనివాళ్ళు. అప్పటిదాకా వంటింటి గుమ్మంలో నిలబడి విన్న వదిన అడిగింది:

"మరి మేం వెళ్తే ఎందులోకి వస్తాం? ప్రజల్లోకా, ఆర్థిక వ్యవస్థలోకా?"

ఆ గది మొత్తంలో అడగాల్సిన ప్రశ్న అడిగింది ఆవిడొక్కతే. అన్నయ్యగారు మీసం దువ్వుకుని "నువ్వు నా పెళ్ళానివి, కాబట్టి ప్రభుత్వంలోకి!" అన్నారు. అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వుల్లో మావారిది కూడా వినబడింది. వాళ్ళంతా వెళ్ళాక ఆయనకు తిట్లు బాగానే వడ్డించాను.

నవ్వులు ఆగకముందే అన్నయ్యగారు తీర్పు చెప్పేశారు. "ఖలాస్. రేపే నీ క్లినిక్‌లో రాజీనామా ఇచ్చెయ్." ఆయన తన ఉద్యోగానికి అప్పటికే ఇచ్చేశారట. వదిన మర్నాడు రాజీనామా ఇచ్చి వచ్చి, తెల్లకోటు ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టింది. ఇక వేసుకోని కోటుకు ఇస్త్రీ ఎందుకని నేను అడగలేకపోయాను. నాకు ఏడుపొచ్చింది, ఒళ్ళు కూడా మండింది.

ఆ తరవాత కొద్దిరోజులకు అన్నయ్యగారు వదినను వెంటబెట్టుకుని వచ్చి మా ఇంటి ఫోన్ నుంచి ఆ దీవి కంపెనీవాళ్ళతో మాట్లాడారు. వాళ్ళింటి ఫోన్ పాడైందట. గొంతు పెంచి, ఇంగ్లీషు వెలగబెడుతూ, భార్య వీసా సంగతి అడిగారు. అవతలి మనిషి చెప్పింది విన్నకొద్దీ ఆ గొంతు తగ్గుతూ వచ్చింది. పని ఉన్నన్నాళ్ళూ ఆయనొక్కరే ఉండాలి, కంపెనీ ఇచ్చే గదిలో. కుటుంబాలను రానివ్వరు. పని అవగానే దీవి విడిచి వెళ్ళాలి. ఏ క్యాంపు మనుషులను చూసి ఈయన ముక్కు చిట్లించేవారో సరిగ్గా ఆ బతుకే. ఫోన్ పెట్టేశాక నావైపు చూడకుండా, వదినతో "నువ్వు కాకినాడ వెళ్ళి అమ్మ దగ్గరుండు" అన్నారు. వెళ్ళడం మానుకోవచ్చు కదా అని నేనంటే, ఊరందరికీ చెప్పుకున్నాక ఎలా మానతానన్నారు.

వదిన ఆ సాయంత్రమే క్లినిక్‌కు వెళ్ళింది. ఆ డాక్టరమ్మ ఈజిప్టు మనిషి. ఇంకా ఎవరినీ తీసుకోలేదు, వదిన వీసా తమ స్పాన్సర్‌షిప్ మీదికి మార్చుకుంటాం, మలయాళీ నర్సులుండే ఫ్లాట్‌లో గది కూడా ఇస్తాం అంది. అన్నయ్యగారు దేశం వదిలితే, ఆయన స్పాన్సర్‌షిప్ మీదే ఉన్న వదిన వీసా కూడా పోతుంది కాబట్టి ఈలోపే అది జరగాలి. దానికి భర్త తనకు అభ్యంతరం లేదని ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. ఆయన పెట్టనన్నారు.

"మొగుడు లేకుండా ఒంటరి ఆడది పరాయి దేశంలోనా? నలుగురూ ఏమనుకుంటారు?"

ఆ నలుగురూ ఎవరో నాకు తెలుసు. మా సోఫాలో కూర్చుని మా పులిహోర తినేవాళ్ళే. వాళ్ళ అభిప్రాయానికి నేనైతే వేపుకున్న అప్పడం కూడా ఇవ్వను. వదిన బతిమాలింది, మావారు బతిమాలారు. ఆయన బండరాయిలా కూర్చున్నారు. ఇండియాకు వదిన టికెట్ కూడా ఆయనే కొనేశారు.

వీడ్కోలు విందు మా ఇంట్లోనే. అందరూ వచ్చారు, దండ కూడా తెచ్చారు. తినడాలయ్యాక ఒకావిడ వదినను అడిగింది, "మీరూ ఆ దీవికేనా అండీ? ఎప్పుడు ప్రయాణం?" అని. వదిన నోరు తెరిచేలోపే అన్నయ్యగారు అందుకున్నారు. కుటుంబాన్ని రానివ్వరన్న మాట ఆయన ఎవరి దగ్గరా ఒప్పుకోలేదు మరి.

"రమ్మని నేను ఎంతో చెప్పానండి. ఆవిడకు ఉద్యోగం మానడం ఇష్టంలేదు. ఆడవాళ్ళ ఇష్టానికి అడ్డుపడే రకం కాదు నేను. సరే, ఇక్కడే ఉండు, చేసుకో అన్నాను."

అంత పచ్చి అబద్ధం అంత నిబ్బరంగా చెప్పిన మనిషిని చూసి నాకు అసహ్యం వేసింది. వదినకు మాత్రం వేయలేదు. లేచి వెళ్ళి హ్యాండ్‌బ్యాగులోంచి ఆ కాగితం తీసుకొచ్చి, మడత విప్పి, ఆయన ముందు టీపాయ్ మీద పెట్టింది. పక్కనున్నాయన జేబులో ఉన్న పెన్ను అడిగి తీసుకుంది.

"మరైతే సంతకం పెట్టేయండి. ఇందాకట్నుంచి మర్చిపోతున్నారు" అంది.

గదంతా ఆయన్నే చూస్తోంది. ఆయన కాగితం వైపు చూశారు, నలుగురి వైపూ చూశారు, మెడలో దండ సర్దుకుని సంతకం పెట్టారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంత విశాల హృదయం ఎవరికుంటుందండీ అంటూ ఒకాయన ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాడు కూడా. అన్నయ్యగారు లేచి నిలబడి ఆ చప్పట్లు అందుకున్నారు.

సందడి కాస్త సద్దుమణిగాక, నేను గిన్నెలు తీస్తుంటే, ఆయన వదిన పక్కకు జరిగి చిన్నగా అడగడం నా చెవిన పడింది.

"నా వీసా క్యాన్సిల్ అయిపోతుంది కదా. అక్కడ పని అయ్యాక నేను మళ్ళీ ఇక్కడికి రావాలంటే ఎలాగే?"

వదిన కాగితం మడతపెట్టి బ్యాగులో పెట్టుకుంటూ చెప్పింది:

"విజిట్ వీసా మీద రండి."