రంపం ముందర తుండుగుడ్డ

ఆ రోజుల్లో మనిషి మర్యాదంతా భుజం మీదే ఉండేది. రాజపాళయంలో మా పెద్దనాయన భుజం మీది తుండుగుడ్డ దించి నడుముకు చుట్టేది దేవుడి ముందర మాత్రమే. మిగిలినవాళ్లంతా ఆయన ముందర చుట్టేవాళ్లు. యుద్ధకాలంలో ఆయన ఆయిల్ ఇంజనుతో కోత మిల్లు పెట్టి, మదురైలో పని నేర్చుకొచ్చిన నన్ను (మీసం అప్పుడే మొలుస్తున్న మేధావిని) గుండ్రటి రంపానికి పెద్దను చేశాడు. నేను పెట్టిన చట్టం ఒక్కటే: రంపం దగ్గర ఎవరి భుజం మీదా గుడ్డ వేలాడకూడదు. పనివాళ్లకు అదేమీ కొత్త కాదు. పెద్దనాయన మాత్రం, "ఏమిరా, పనివాళ్ల ముందర నేను తుండు దించేదా? దానికి బదులు నన్నే కోసి పారెయ్యి" అన్నాడు.

నాకు భయమేసింది, ఆ రంపానికి పెద్దా చిన్నా తెలియదు. మర్నాడు పొద్దున్నే దాని నడుమ చందనం పూసి కుంకుమ బొట్టు పెట్టాను. ఆయన బొట్టును చూశాడు, నన్ను చూశాడు, గొణుక్కుంటూ తుండు నడుముకు చుట్టి దండం పెట్టాడు. అప్పటినుంచి రోజూ బొట్టు, రోజూ దండం. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఒకనాడు సేత్తూరు నుంచి ఆయన వియ్యంకుడు మిల్లు చూడవచ్చాడు. వియ్యంకుడి ముందర నడుముకు గుడ్డతో నిలబడటమా! "ఇట్ల రండి సమ్మంది, తేక్కు మాను ఎట్ల తెగుతుందో చూడండి" అంటూ తుండు విదిలించి భుజాన వేసుకుని టేకు దుంగ మీదికి వంగాడు. నేను అరిచేలోపల గుడ్డ కొన రంపానికి చిక్కింది. ఆ లాగుడుకు ముందుకు తూలి, ఆపుకోబోయి ఎడమ చెయ్యి ఊనాడు. నేను కర్రతో ఇంజను బెల్టు తప్పించి రంపం ఆపేసరికి రెండు వేళ్లు రంపపు పొట్టులో పడి ఉన్నాయి. బండిలో ఆసుపత్రికి తీసుకుపోతుంటే, నెత్తురు లేని మొహంతో, "తుండు చినిగినదా? సమ్మంది చూసినాడా?" అని అడిగాడు. నవ్వాలో ఏడవాలో తెలియక ఏడ్చాను.

చెయ్యి మానాక మళ్లీ మిల్లుకు వచ్చాడు. రంపానికి ఆ పొద్దు బొట్టు లేదు. జరిగినదాని తర్వాత నాకు పెట్టబుద్ధి కాలేదు. ఆయన అందరూ చూస్తుండగా వాకిట్లోనే ఆగి, ఎడమ చేతికి మిగిలిన మూడు వేళ్లతో తంటాలు పడుతూ తుండు నడుముకు చుట్టసాగాడు. ముడి వేయబోయాను. "తొలగరా. నీకని చుట్టలేదు, దానికి" అన్నాడు.

తొలగాను. కానీ పోయి రంపం పక్కనే నిలబడ్డాను కదా, ఆ మర్యాదలో పావు వంతైనా నాదేనని మీసం తడుముకున్నాను. అప్పటి నాలోని ఆ కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ముడి పడక పెనుగులాడిన ఆ మూడు వేళ్లు గుర్తొచ్చేదాకా.